ఫొటో వెనక పేరు రాయండి, బాల్‌పెన్నుతో మాత్రం వద్దు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఊరి చరిత్ర, చెరువుల జ్ఞాపకాలు

పులికాట్ ఒడ్డు నుంచి చిత్తూరు దాకా వచ్చిన ప్రశ్నల్లో ఏడింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

సూళ్లూరుపేట లైబ్రరీకి రోజూ వచ్చే పదిమందిమి మేము. మా ఊరివి, సరస్సు ఒడ్డు పల్లెలవి పాత ఫొటోలు ఓ యాభై ఇళ్లలో ఉన్నట్టు లెక్క తేలింది. అన్నీ తెచ్చి ఒకచోట పెట్టాలని ఉంది. ఏ స్కానర్ కొనమంటారు?

స్కానర్ సంగతి తర్వాత. ముందు గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్కు ఒకటి కొనండి. ఇక "తెచ్చి ఒకచోట పెట్టడం" అనే ఆలోచన మానుకోండి. ఫొటో ఆ ఇంటిదే, ఆ ఇంట్లోనే ఉండాలి. మీకు కావాల్సింది దాని నకలు, దాంతోపాటు దాని కథ. తీసుకున్న రోజే స్కాన్ చేసి తిరిగిచ్చేస్తే రెండో ఇల్లు తలుపు తీస్తుంది. ఒక్క ఫొటో పోయిందంటే వీధి మొత్తం మూసుకుంటుంది.

నోట్‌బుక్కులో ఒక్కో ఇంటికి ఒక నంబరు, ఇంట్లోని ఒక్కో ఫొటోకు ఒక నంబరు ఇవ్వండి. 023-004 అంటే ఇరవైమూడో ఇల్లు, నాలుగో ఫొటో. కంప్యూటర్లో ఫైలు పేరూ అదే, కవరు మీదా అదే. ఒక్కో వరుసలో ఇవి రాయండి: ఇచ్చినవారి పేరు, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ, ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఎక్కడ, ఎప్పుడు, ఆ వివరం చెప్పిందెవరు, పత్రికలోనో నెట్‌లోనో పెట్టడానికి ఒప్పుకున్నారా లేదా. "చెప్పిందెవరు" గడిని చాలామంది వదిలేస్తారు. పదేళ్ల తర్వాత ఒకే మనిషిని ఇద్దరు రెండు పేర్లతో గుర్తుపట్టినప్పుడు తేల్చుకోవడానికి ఆ గడే దిక్కు.

స్కానింగుకు మూత ఎత్తి కాగితం పరిచే మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ చాలు. కాగితాన్ని పైనుంచి లాక్కునే ట్రేలో మాత్రం పాత ఫొటో పెట్టకండి, మడత పడితే తీయలేం. పోస్టుకార్డు సైజు ఫొటోకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), పాస్‌పోర్టు సైజుకు, అంతకన్నా చిన్నవాటికి 1200, ఉత్తరాలకు, రసీదులకు 300 నుంచి 400. అసలు నకలును టిఫ్‌గా (నాణ్యత తగ్గని ఫైలు రకం) దాచండి, పంచుకోవడానికి జేపెగ్ తీయండి. 4×6 అంగుళాల ఫొటో 600 డీపీఐ రంగుల్లో సుమారు 26 ఎంబీ వస్తుంది. అలాంటివి ఐదు వందలున్నా 13 జీబీయే. బ్లాక్ అండ్ వైట్ ఫొటోనైనా రంగుల్లోనే స్కాన్ చేయండి. మరక ఏదో, సిరా ఏదో అప్పుడే తెలుస్తుంది.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు. పైపొర అద్దానికే ఉండిపోయి కాగితం చేతికొస్తుంది. అద్దంతోనే ఫొటో తీయండి. ఫ్లాష్ ఆపి, వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టి, మీ వెనక నల్లదుప్పటి పట్టుకోమనండి. దుప్పటి లేకపోతే అద్దంలో ఫొటో తీసేవాళ్లే కనపడతారు. జిగురు పేజీల ఆల్బంలో ఇరుక్కున్నవాటి కిందకు పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారం పోనిచ్చి రంపంలా మెల్లగా కదపండి. ఊడి రాకపోతే పేజీతోపాటే స్కాన్ చేయండి.

పేరు రాయడం ఫొటో వెనక అంచున, మెత్తటి 2బీ పెన్సిల్‌తో, నొక్కకుండా. బాల్‌పెన్ను గీత ముందుకు ఉబుకుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుకుంటుంది. 1970ల తర్వాతి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ నిలవదు, వాటికి కవరు మీదే రాయండి. లామినేషన్ జోలికి అస్సలు పోవద్దు. వేడికీ జిగురుకీ ఫొటో పాడవుతుంది, మళ్లీ విప్పలేం. సెల్లోటేప్ పదేళ్లలో గోధుమరంగు మచ్చగా మిగులుతుంది.

తేదీ తెలియని ఫొటోకు సాక్ష్యం ఫొటోలోనే వెతకండి. వెనక బోర్డు మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. "మండలం" అని ఉంటే 1985 నుంచి ఇటు, "తాలూకా" అని ఉంటే బహుశా అంతకుముందు. బండి నంబరు ఏపీ 26 అనో ఏపీ 03 అనో ఉంటే 1989కి ముందు కాదు. సూళ్లూరుపేట బోర్డు మీద "తిరుపతి జిల్లా" అంటే 2022 ఏప్రిల్ 4 తర్వాత. ఇలా తేల్చిన తేదీని "1985–89 మధ్య, బోర్డును బట్టి" అని రాయండి. ఉత్త "1987" అని రాస్తే రేపు అదే నిజమైపోతుంది.

ఒక హెచ్చరిక. ఫోన్లో పాత ఫొటోను "బాగుచేసే", రంగులద్దే యాప్‌లు మొహాలను ఊహించి గీస్తాయి. తాత కళ్లు ఇంకెవరివో అవుతాయి. సరదాకు చేసుకోండి గానీ ఆ బొమ్మ మీ సేకరణలోకి రాకూడదు.

తడ పక్క పల్లె మాది. పడవలు నడిపిన పెద్దోళ్లు, రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట నుంచి కదిలి వచ్చిన కుటుంబాల పెద్దోళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఫోన్లో రికార్డు చేస్తే గాలి హోరు తప్ప మాట వినపడదు. "ఏ సంవత్సరం" అంటే ఎవరూ చెప్పరు.

హోరుకు మందు సులువే. ఒడ్డున కూర్చుని రికార్డు చేయకండి. ఇంట్లో, గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టండి. ఫ్యాను ఆపండి, కుక్కరు దించేదాకా ఆగండి. ఫోను మైకు సాధారణంగా కింద, ఛార్జర్ గుచ్చే రంధ్రం పక్కన ఉంటుంది. చేత్తో పట్టుకుంటే బొటనవేలు దాన్నే మూస్తుంది. మడిచిన తువ్వాలు మీద ఫోను పెట్టి, మైకు వైపు పెద్దాయన నోటికి జానెడు దూరంలో ఉండేట్టు చూడండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన ప్రతిసారీ పిడుగు పడినట్టు వినిపిస్తుంది. ఏరోప్లేన్ మోడ్ తప్పనిసరి, ఫోను మోగితే రికార్డింగు ఆగిపోవచ్చు. డబ్బులు పోగైతే చొక్కాకు తగిలించే వైరు మైకు కొనండి. దాని స్పాంజి తొడుగు ఊడిపోనివ్వకండి, గాలిని ఆపేది అదే.

యాప్‌లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, మోనో ఎంచుకోండి. గంటకు సుమారు 520 ఎంబీ. అది కుదరకపోతే ఎం4ఏలో అన్నిటికన్నా ఎక్కువ నాణ్యత. ఒక నిమిషం మాట్లాడించి ఇయర్‌ఫోన్లలో విన్నాకే అసలు సంగతికి రండి. రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, అడిగేవారి పేరు మీ గొంతుతో చెప్పండి. కాగితం పోయినా గొంతు ఉంటుంది. గంట దాటితే ఆపేయండి, రెండోసారి వెళ్లండి. రెండోసారి చెప్పేదే ఎప్పుడూ ఎక్కువ.

ఇక సంవత్సరం గురించి. "ఏ సంవత్సరం" అనేది బడికెళ్లినవాళ్ల ప్రశ్న. జనానికి గుర్తుండేవి సంఘటనలు. మీ ప్రాంతానికి పనికొచ్చే మేకులు ఇవి: అణాలు పోయి నయాపైసలు రావడం (1957 ఏప్రిల్), శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ (1971 అక్టోబరు), పట్టపగలు సూర్యగ్రహణం, అందరూ తలుపులేసుకున్న రోజు (1980 ఫిబ్రవరి 16), రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరడం (1980 జులై 18), కరణాలను తీసేయడం (1984 మొదట్లో), 1984 నవంబరు తుపాను, సునామీ (2004 డిసెంబరు 26). "తుపానుకు ముందా తర్వాతా?", "అప్పటికి మీ పెద్దమ్మాయి నడుస్తోందా?" అని అడిగితే ఒకటి రెండేళ్ల తేడాలో తేలుతుంది.

"అప్పట్లో జీవితం ఎలా ఉండేది తాతా?" అని అడిగితే "బాగుండేది నాయనా" అన్న జవాబొస్తుంది, అక్కడితో అయిపోతుంది. పని గురించి అడగండి. పడవకు ఏ కట్టె? ఎవరు కట్టేవాళ్లు? ఏ నెలలో ఏ వల? కన్ను ఎన్ని వేళ్లు? ఎండాకాలం ఉత్తరం వైపు నీళ్లు ఆరిపోతే ఎటు పోయేవాళ్లు? రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారం పూడిపోతే చేప ఏమయ్యేది, ఎవరు తవ్వేవాళ్లు? బకింగ్‌హాం కాలవలో మద్రాసుకు ఏ సరుకు పోయేది, ఎన్ని రోజులు పట్టేది? అవ్వల్ని వేరుగా అడగండి. మగవాళ్లు పక్కనుంటే అవ్వ చెప్పేది సగం వాళ్లే చెప్పేస్తారు. చేప అమ్మకం, ఎండబెట్టడం, అప్పుసొప్పుల లెక్క మొత్తం అవ్వల దగ్గరే దొరుకుతుంది.

ఒక చార్టు కాగితం, స్కెచ్ పెన్నులు తీసుకెళ్లి, వదిలి వచ్చిన పల్లె బొమ్మ గీయమనండి. గుడి, బావి, ఎవరిల్లు ఎక్కడ, పడవలు కట్టేసే చోటు. చెయ్యి కదిలితే మాట కదులుతుంది. మూడు నాలుగు కుటుంబాలతో విడివిడిగా గీయించి పక్కపక్కన పెట్టి చూడండి. తేడాలను సరిచేయకండి, అన్నీ ఉంచండి.

మాటలనూ సరిచేయొద్దు. గాలికి, బురదకు, చేపకు, నీటి ఉప్పుదనానికి వాళ్లు వాడే పేర్లు, తమిళం కలిసినా సరే, పలికినట్టే రాసుకోండి. సరస్సునే ఒకరు పులికాట్ అంటారు, ఒకరు ప్రళయ కావేరి అంటారు, దక్షిణాన పళవేర్కాడు అంటారు. మూడు పేర్లూ మీ సూచికలో ఉండాలి, లేకపోతే రేపు వెతికేవాళ్లకు మూడింట ఒక వంతే దొరుకుతుంది.

ఒప్పుదల ముందే తీసుకోండి. కాగితం చదివి వినిపించి, "అందరికీ వినిపించొచ్చు", "నా తర్వాతే", "ఫలానా ముక్క తీసేయండి" అని మూడు దారులు చూపండి. సంతకం రాకపోతే రికార్డింగులోనే చెప్పించండి. పరిహారం, భూమి తగాదాలు, కులం పేరుతో జరిగిన అవమానాలు మాట్లాడినప్పుడు ఆ భాగాలను ఇంకోసారి వినిపించి అడగాలి. ముఖ్యంగా యానాది కుటుంబాల దగ్గర ఈ పని హడావిడిగా చేయొద్దు.

మొత్తం మాట టైపు చేయాలని పెట్టుకోకండి. గంట మాటకు ఆరు గంటలు పైనే పడుతుంది, మూడో మనిషి దగ్గరే పని ఆగిపోతుంది. ఐదు నిమిషాలకో వరుస రాయండి: "15–20 నిమిషాలు: రొయ్య వల, ముఖద్వారం పూడిక, తుపాను." అది చాలు.

సత్యవేడు నుంచి. మా ఊరి పాత రికార్డుల కోసం చిత్తూరు వెళితే 1960కి ముందువి లేవన్నారు. కాలిపోయాయా?

లేదు. 1960 ఏప్రిల్ 1 దాకా మీరు చిత్తూరు జిల్లాలోనే లేరు. ఆ రోజు తిరుత్తణి అటు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, బదులుగా చెంగల్పట్టు జిల్లా నుంచి మీ ప్రాంతం ఇటు వచ్చింది. మీ పాత కాగితాలు చెంగల్పట్టు పేరు కింద వెతకాలి.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. పని మొదలుపెట్టకముందే ఊరికో పట్టిక వేసుకోవాలి: ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏ జిల్లా, ఏ తాలూకా. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి వైపు ఉత్తర ఆర్కాటు జిల్లా, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లా. సూళ్లూరుపేట వాళ్లయితే 2022 దాకా నెల్లూరే. 1953 అక్టోబరు 1కి ముందు అందరిదీ మద్రాసే గనుక పై స్థాయి ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

అడగాల్సిన పేర్లు: గ్రామ పటం, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్లవారీ భూముల రిజిస్టరు), అడంగల్ (ఏటా రాసే సాగు లెక్క), ఇనాం ఫెయిర్ రిజిస్టర్. చెరువు చరిత్రకు బంగారం లాంటిది చివరిది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఏ మాన్యం ఎవరికి, ఎందుకు ఇచ్చారో విచారించి రాసుకుంది. చెరువు తవ్వినందుకో, బాగుచేసినందుకో ఇచ్చిన దశబంధం మాన్యాలు అందులో కనపడతాయి. కాళహస్తి, కార్వేటినగరం, వెంకటగిరి జమీన్ల కింద ఉన్న ఊళ్లలో చాలావాటికి సర్వే సెటిల్మెంటు 1948 జమీందారీ రద్దు చట్టం తర్వాతే జరిగింది కాబట్టి అంతకుముందుది సర్కారు దగ్గర ఆశించొద్దు. "మా ఊరి చరిత్ర ఇవ్వండి" అని సమాచార హక్కు దరఖాస్తు పెడితే లాభం లేదు. రికార్డు పేరు, ఊరి పాత పేరు, సర్వే నంబరు రాయండి.

రామచంద్రాపురం మండలం నుంచి. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వీడియోలన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే ఉన్నాయి. వాటిని దాచడం ఎలా?

త్వరపడండి. ఇవి పాత ఫొటోల కన్నా ముందే పోతాయి, ఫోను మార్చిన ప్రతి ఇంట్లోనూ కొన్ని పోయే ఉంటాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం, చోటు వివరాలు ఎగిరిపోతాయి. అందుకే తీసినవాళ్లెవరో కనుక్కుని వాళ్ల ఫోన్లోని అసలు ఫైలును కేబుల్‌తో ఎక్కించుకోండి, లేదా "డాక్యుమెంట్"గా పంపమనండి. ఫార్వర్డుగా వచ్చిందే మిగిలితే దాన్నీ ఉంచండి. ఫైలు పేరు మధ్యలో 20211121 అని ఉంటే అది వాట్సాప్‌లోకి చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. తేడా రాసుకోండి. వేరే ఊరి వరద వీడియోలు కూడా ఆ రోజుల్లో రాయలచెరువు పేరుతో తిరిగి ఉండొచ్చు. కట్ట, తూము, మరవ, గుట్ట, ఏదో ఒక గుర్తు కనపడితేనే మీ జాబితాలో చేర్చండి.

కాపీలు మూడు ఉండాలి: రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి ఆన్‌లైన్‌లో. డిస్కులు రెండూ ఒకే బీరువాలో పెడితే ఒకటి ఉన్నట్టే లెక్క. ఒకటి కట్ట కింద ఊళ్లో ఉంటే రెండోది తిరుపతిలో ఉండాలి. గూగుల్ డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ వీడియోలకు చాలదు. ఏడాదికోసారి రెండు డిస్కులూ తెరిచి నాలుగు ఫైళ్లు ఆడించి చూడండి, ఐదేళ్లకు కొత్తవి కొనండి.

చంద్రగిరి వైపు పల్లె. చెరువు తూము దగ్గర అక్షరాల రాయి ఉంది. చదవడానికి వీలుగా పెయింటు వేద్దామంటున్నారు మా కుర్రాళ్లు.

ఆపండి. పెయింటు అక్షరం గాడిలో నిండిపోతే రేపు శాసన నిపుణులు వచ్చి తడి కాగితం అద్ది ముద్ర తీయలేరు. పైగా పెయింటరు తనకు తెలిసిన తెలుగు అక్షరంగా దాన్ని "దిద్దేస్తాడు". మన వైపు శాసనాల్లో తమిళం, గ్రంథ లిపి (తమిళనాట సంస్కృతం రాసే పాత లిపి) కూడా ఎక్కువే, తిరుమల తిరుపతి శాసనాల్లో అత్యధికం తమిళమే. వైరు బ్రష్షు, యాసిడ్, సుద్ద, పసుపు, ఏవీ వద్దు. రాయిని పెకిలించి గుడి గోడలో సిమెంటుతో పెట్టడం అంతకన్నా ఘోరం. తూము దగ్గరే ఉందంటే అది ఆ తూము గురించి చెబుతూ ఉండొచ్చు.

ఉత్త నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో మట్టి పోగొట్టి ఆరనివ్వండి. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. పగలు కనపడని గీతలు నీడలతో లేచి నిలబడతాయి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ వెలుగు వేసి నాలుగు ఫొటోలు. పక్కన స్కేలు పెట్టండి. రాయి ఎత్తు, వెడల్పు, వరుసలెన్ని, తూముకు ఎంత దూరం, ఫోన్లో వచ్చే అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. తర్వాత అది ఇదివరకే నమోదైందా చూడాలి. 1887 నుంచి వచ్చిన వార్షిక శాసన నివేదికల్లో ఊళ్లు అప్పటి జిల్లా, తాలూకా కింద ఉంటాయి. 1911కి ముందు సంపుటాల్లో చంద్రగిరిని ఉత్తర ఆర్కాటు కింద చూడండి. అందులో లేకపోతే ఆ ఫొటోలు, కొలతలు మైసూరులోని పురావస్తు సర్వే శాసన విభాగానికి పంపండి.

శ్రీకాళహస్తి. ఇంట్లో తాటాకుల కట్ట ఉంది, అతుక్కుపోయింది. నూనె రాయమంటారా?

మీరు రాయొద్దు. నిమ్మగడ్డి నూనె పట్టించడం తెలిసినవాళ్ల పని, కిరసనాయిలు, కొబ్బరినూనె ఎవరి పనీ కాదు. అతుక్కున్న ఆకుల మధ్య కత్తి పెట్టకండి. విడిగా ఉన్నవాటి దుమ్మును మెత్తటి బ్రష్షుతో ఆకు పొడవునా తుడవండి. రెండు వైపులా ఫొటోలు తీయండి, అంచున తెలుగు అంకెలు ౧, ౨, ౩ కనపడితే అదే వరుస. గంజి పెట్టని నూలుగుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య కట్టి, పక్కన మూటలో వసకొమ్ము పెట్టండి. ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాల సేకరణ ఉంది, చూపించి సలహా తీసుకోండి. వెళ్లేముందు మీ ఫొటోలు మీ దగ్గర ఉండాలి.

చిత్తూరు. కట్టమంచి చెరువు మీద సావనీరు వేయాలనుకుంటున్నాం. ఏమేం ఉండాలి?

సగం పేజీలు శుభాకాంక్షల ప్రకటనలకే పోయే సావనీర్లు మన జిల్లాలో చాలానే వచ్చాయి. మీది వేరుగా ఉండాలంటే ఇప్పటికే అందరికీ తెలిసిన సంగతి కుదించండి. కట్టమంచి రామలింగారెడ్డి గారి గురించి, ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ ఛాన్సలర్ అన్న సంగతి గురించి ఇదివరకే రాశారు, ఒక పేజీ చాలు. చెరువుకు నీళ్లు ఏ వంక నుంచి వచ్చేవి, ఆయకట్టు మడులు ఏ పేర్లతో పిలిచేవాళ్లు, నీళ్లు పంచే నీరుగంటి వంతు ఎలా వేసేవాడు, ఏ మడిలో ఇప్పుడు ఏ కాలనీ ఉంది, ఇవి రాసినవాళ్లు తక్కువ. పాత గ్రామ పటం మీద ఇప్పటి వీధులు గీసిన ఒక్క పేజీ మడతతో వేయండి, జనం దాన్నే దాచుకుంటారు.

ఆర్ట్ పేపరు బొమ్మల పేజీలకే, మిగతాది మ్యాప్‌లిథో (మెరుపు లేని మామూలు అచ్చు కాగితం). ప్రతి ఫొటో కింద సేకరణ నంబరు, చివర పేర్ల సూచిక. అచ్చయిన 30 రోజుల్లోపు కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబయి సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి పుస్తకాల అందజేత (డెలివరీ ఆఫ్ బుక్స్) చట్టం చెబుతోంది. నాలుగు పార్శిళ్ల ఖర్చు బడ్జెట్టులో ముందే రాసుకోండి.